పాత వ్యాన్‌లో రెండో బ్యాటరీ: ముందు చోటు చూసుకోండి, రకం సంగతి తర్వాత

పాత టెంపో ట్రావెలరో, వింగరో, ఓమ్నీయో కొని, వెనక సీట్లు తీయించి, పడక వేయించుకుని, శని ఆదివారాలు తలకోనకో హార్స్‌లీ హిల్స్‌కో పులికాట్ ఒడ్డుకో వెళ్లాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఫ్యాను, లైట్లకు ఏ బ్యాటరీ తీసుకోవాలి? ట్యూబ్యులరా, ఏజీఎమ్మా, లిథియమా?"

నేను ఎదురు అడిగేది కూడా ఒకటే: దాన్ని ఎక్కడ పెడతారు, దేనికి బిగిస్తారు? పాత బండిలో ఈ జవాబు తేలితే బ్యాటరీ రకం సగం దానంతటదే తేలిపోతుంది. ముందు బ్యాటరీ కొనేసి, ఆ తర్వాత దానికి చోటు వెతికేవాళ్లే చివరికి ముప్పై కిలోల బరువును ఒక నైలాన్ తాడుతో సీటు కాలికి కట్టి ఘాట్ రోడ్డెక్కుతారు. అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

ఎందుకో లెక్క చెబుతాను. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్దుకుని అర మీటరు లోపే ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో లోపలున్న ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు ఇరవై రెట్లు బలం పడుతుంది. 30 కిలోల బ్యాటరీ 600 కిలోల బలంతో ముందుకు దూకుతుంది. ముందు కూర్చునేది మనమూ, మన పిల్లలూ. మొగిలి ఘాట్‌లో గానీ భాకరాపేట ఘాట్‌లో గానీ లారీల వెనక దిగుతూ సడన్ బ్రేకులు కొట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంజిన్ బ్యాటరీతోనే సరిపెట్టుకోవచ్చా?

వద్దు. బండి సెల్ఫ్ కొట్టే బ్యాటరీలో పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడం దాని పని. రాత్రంతా కొద్దికొద్దిగా కరెంటు లాగి, పొద్దున్నే మళ్లీ నింపి, మళ్లీ దించే పని దానికి పడదు. అలా కొన్నిసార్లు పూర్తిగా దిగిపోతే చాలు, తర్వాత చార్జింగ్ నిలవదు. పైగా తలకోన అడవిలో పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే తోయడానికి మనుషులు కూడా దొరకరు. ఇంజిన్‌ది ఇంజిన్‌కే వదిలేసి, మన వాడకానికి రెండోది పెట్టుకోవాలి.

ఎంత కావాలో ముందు కాగితం మీద వేయండి

12 వోల్టుల ఫ్యాను 25 వాట్లు అనుకుంటే పది గంటలకు 250 వాట్ అవర్లు. ఎల్ఈడీ లైట్లకు 50, రెండు ఫోన్లకు 60. మొత్తం 360. దాన్ని 12తో భాగిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ అవర్లు. ఇది ఒక రాత్రి ఖర్చు.

చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ పెడితే లెక్క మారిపోతుంది. మన ఎండల్లో అది సగటున 30 వాట్లు లాగినా రోజుకు 720 అదనం. మొత్తం వెయ్యి దాటి, 90 ఆంపియర్ అవర్ల దగ్గరికి పోతుంది.

సీసపు బ్యాటరీ ఏదైనా సరే (ట్యూబ్యులర్, ఏజీఎం, జెల్ మూడూ సీసపువే), సగానికి మించి దించకుండా వాడితేనే నాలుగు కాలాలు నిలుస్తుంది. అంటే 100 ఆంపియర్ అవర్లని రాసి ఉన్నదాంట్లో మనం లెక్కపెట్టుకోవాల్సింది 50. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే అదే 100లో 80 నుంచి 90 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. కాబట్టి ఫ్రిజ్ లేనివాళ్లకు సీసంలో 100 ఆంపియర్ అవర్లది ఒకటి చాలు. ఫ్రిజ్ ఉంటే సీసంలో రెండు బ్యాటరీలు, 60 కిలోల బరువు, లేదా లిథియంలో 12 కిలోల ఒక్క పెట్టె. పాత బండి ఫ్లోరు మీద ఈ 48 కిలోల తేడా చిన్నది కాదు.

చోటు

సాధారణంగా మూడు చోట్లు చూస్తారు: డ్రైవర్ సీటు వెనక ఫ్లోరు మీద, బాగా వెనక పడక కింద, లేదా బండి అడుగున చాసిస్‌కు బయటివైపు పెట్టె కట్టి.

నా ఓటు మొదటిదానికి. బండికి మధ్యలో, రెండు ఇరుసుల నడుమ, కిందికి ఉంటుంది. కుదుపు తక్కువ. ఇంజిన్ బ్యాటరీకి వైరు దూరమూ తక్కువ. వెనక పడక కింద చోటు ఎక్కువ దొరుకుతుంది కానీ వెనక ఇరుసు దాటాక ప్రతి గుంతకీ ఎగిరిపడేది అక్కడే. చాసిస్ బయట పెట్టెలో పెడితే, చార్జింగ్‌లో బ్యాటరీ వదిలే గ్యాస్ సమస్య తీరిపోతుంది. బదులుగా బురద, వాననీళ్లు, దొంగల బెడద వస్తాయి. ఓమ్నీలో ముందు సీట్ల కింద ఇంజిన్ ఉంటుంది కాబట్టి ఆ చుట్టుపక్కల చోటు కనిపించినా ఆ వేడిలో బ్యాటరీ పెట్టకండి.

ఏ చోటైనా, మ్యాటు ఎత్తి రేకు చూడకుండా నిర్ణయించకండి. రేణిగుంట రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నేను కళ్లారా చూసిన సంగతి ఇది. పాత ట్రావెలర్ తెచ్చినాయన "ఇక్కడ రెండు రంధ్రాలు వేసి బిగించేయ్" అన్నాడు. మెకానిక్ ఏమీ అనకుండా మ్యాటు పక్కకు లాగి, స్క్రూడ్రైవర్ మొన రేకు మీద ఆనించి అరచేత్తో ఒక్క తట్టు తట్టాడు. పిడి దాకా దిగబడింది. బయటికి లాగితే ఎర్రటి తుప్పు పొడి, రంధ్రంలోంచి కింద సిమెంటు నేల. "ఫ్లోరే లేదు కదన్నా, బోల్టు దేన్ని పట్టుకుంటాది?" అన్నాడు. ఎప్పుడో పాత బ్యాటరీ యాసిడ్ కారి, మ్యాటు కింద ఏళ్ల తరబడి తినేసిన చోటది. అలాంటి చోట ముందు కొత్త ప్లేటు వెల్డింగ్ పెట్టించాలి. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైర్లూ, డైనమో వైర్లూ ఊడదీయమని మీరే గుర్తు చేయండి. డైనమోలోని డయోడ్లు కాలిపోతే ఖర్చు మీదే.

ఇక రకాలు

మన దగ్గర చాలామంది ఆలోచన ఇంట్లో ఇన్వర్టర్‌కున్న పొడుగాటి ట్యూబ్యులర్ మీదికే పోతుంది. ధర అందుబాటులో ఉంటుంది, ఎండకు ఓర్చుకుంటుంది, లోతుగా దించినా తట్టుకుంటుంది. ఇంట్లో మూలన పెట్టుకుంటే దానికి పేరు పెట్టలేం. వ్యాన్‌కు మాత్రం నేను వద్దంటాను. 150 ఆంపియర్ అవర్లది యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది. పొడుగు ఎక్కువ కాబట్టి మలుపుల్లో ఒరుగుతుంది. కింద క్లాంపు పట్టే అంచు ఉండదు. చార్జింగ్ ఎక్కేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో ఆ గ్యాస్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. మనం తలుపులు మూసుకుని పడుకునే చోట, పక్కనే స్టవ్ వెలిగించుకునే చోట అది ఉండకూడదు. పెట్టి తీరాలంటే పొట్టి ట్యూబ్యులర్ తీసుకుని, బండి బయటి పెట్టెలో, పైభాగం నుంచి గాలి బయటికి పోయేలా పెట్టండి. హైడ్రోజన్ తేలిక, పైకే పోతుంది. అందుకే గొట్టం పెట్టె మూతకు ఆనుకుని ఉండాలి, కింద కాదు.

ఏజీఎం అంటే సీల్ చేసిన సీసపు బ్యాటరీయే. యాసిడ్ గాజుపీచు పొరల్లో ఇమిడి ఉంటుంది కాబట్టి ఒలకదు, కుదుపుకు ఓర్చుకుంటుంది, నీళ్లు పోసే పని లేదు. మామూలు చార్జింగ్‌లో గ్యాస్ దాదాపు బయటికి రాదు. అయితే వోల్టేజి ఎక్కువై ఓవర్ చార్జ్ అయితే దాని సేఫ్టీ వాల్వు కూడా తెరుచుకుంటుంది. కాబట్టి గాలాడే పెట్టె దీనికీ కావాలి. దీని శత్రువు మన ఎండ. సీసపు బ్యాటరీలకు 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగం అవుతుందని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 దాటడం మామూలే. ఏజీఎం లోపల ఆరిపోతే నీళ్లు పోసి బతికించే దారి కూడా లేదు.

జెల్ గురించి ఎక్కువ చెప్పను. మంచిదే కానీ చార్జింగ్ వోల్టేజి 14.1, 14.2 దగ్గర ఆగాలి. పాత బండి డైనమో కటౌట్ (వోల్టేజిని అదుపులో ఉంచేది) సరిగ్గా లేకపోతే దాన్ని తొందరగా పాడుచేస్తుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ఫోన్లలో ఉండే లిథియంతో కలపకండి. దీని రసాయనం చాలా స్థిరమైనది, నిప్పంటుకునే స్వభావం బాగా తక్కువ. 100 ఆంపియర్ అవర్లది 11 నుంచి 13 కిలోలే. సీసం కొన్ని వందల సార్లు దించి నింపితే అలసిపోతుంది. ఇది రెండు వేలు, ఆపైన నిలుస్తుంది. ధర ఏజీఎం కన్నా ఎక్కువే. దీనికీ ఎండ సుఖం కాదు. చాలా కంపెనీలు 45 డిగ్రీల పైన చార్జింగ్ వద్దంటాయి. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన వ్యాన్ లోపల అంత వేడి తేలిగ్గా దాటుతుంది. అప్పుడు బ్యాటరీ లోపలున్న బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు, తన పని తాను చేయడం. నీడన నిలపండి, ఫ్లోరు మీద చల్లగా ఉండేచోట పెట్టండి. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీల సెల్స్ ఏరి అతికించిన ప్యాకు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. కంపెనీ బీఎంఎస్, వారంటీ కాగితం లేని లిథియం మనం పడుకునే బండిలోకి రాకూడదు.

కాబట్టి నా మాట: ఫ్రిజ్ లేదు, నెలకో రెండు నెలలకో ఒక రాత్రి ప్రయాణం, డబ్బు చూసుకోవాలి అనుకుంటే 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం. ఫ్రిజ్ ఉన్నా, ఒకేచోట రెండు మూడు రాత్రులు ఉండాలన్నా, ఫ్లోరు బలం మీద అనుమానమున్నా లిథియం, దానికి తగ్గ చార్జర్‌తో. ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ ట్యూబ్యులర్ వైపు జారకండి.

సీసం కొనేవాళ్లకు మన తిరుపతిలో ఒక వెసులుబాటు ఉంది. అమరాన్ బ్యాటరీలు చేసే అమరరాజా సంస్థ కరకంబాడిలోనే ఉంది. ఆ పని తెలిసిన మనుషులు ఈ చుట్టుపక్కల ఎక్కువ. ఏ కంపెనీదైనా, తయారైన నెల చూసి తీసుకోండి. అంగట్లో ఆరు నెలలు చార్జింగ్ లేకుండా పడున్న సీసపు బ్యాటరీ కొత్తదైనా అప్పటికే కొంత చచ్చి ఉంటుంది.

బిగించడం

ఇక్కడ తొందరపడొద్దు. బ్యాటరీ కింది అంచు చుట్టూ చిన్న గట్టు ఉంటే, ట్రేకు బిగించిన క్లాంపు ఆ గట్టును నొక్కి పట్టాలి. గట్టు లేనివాటికి ఎల్ యాంగిల్‌తో చట్రం చేయించి, పైనుంచి అడ్డపట్టీ వేసి, రెండు పక్కలా పొడుగు బోల్టులతో దించాలి. అడ్డపట్టీ ఇనుపదైతే దానికి రబ్బరు తొడుగు తప్పనిసరి. అది జరిగి రెండు టెర్మినళ్లకూ తగిలితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి, పట్టీ ఎర్రగా కాలుతుంది. పెట్టెతో పాటు వచ్చే ప్లాస్టిక్ బకిల్ బెల్టు మూత ఊడిపోకుండా పట్టుకోవడానికే. బరువు మోయడానికి కాదు.

ట్రేను ఫ్లోరుకు స్క్రూలతో కొట్టకండి. నాలుగు 8 ఎంఎం బోల్టులు ఫ్లోరు దాటి కిందికి రావాలి. కింద ఒక్కోదానికి అరచేతిలో సగమంత, 3 ఎంఎం మందమున్న ఇనుప ప్లేటు వేసి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయంతో, కుదుపుకు వదులు కానిది) బిగించాలి. చిన్న వాషరైతే దెబ్బ పడినప్పుడు పాత రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. డ్రిల్లు పెట్టేముందు బండి కింద పడుకుని బ్రేకు పైపు, డీజిలు పైపు ఎక్కడున్నాయో చూడండి. రంధ్రాల అంచులకు పెయింటు పూయకపోతే మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది.

అంతా అయ్యాక బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కుదపండి. వ్యాన్ ఊగాలి, బ్యాటరీ కదలకూడదు. అట్లని క్లాంపును మరీ పిండేసినా బ్యాటరీ గోడ పగులుతుంది.

గ్యాస్ సిలిండర్‌ను ఇదే అరలో పెట్టకండి. ఎల్పీజీ బరువు, కిందికి దిగి నిలుస్తుంది. చార్జింగ్ రిలే (తనంతట తానే కలిపి విడదీసే స్విచ్) టక్కుమన్నప్పుడు వచ్చే రవ్వ దానికి చాలు.

వైర్లు, ఫ్యూజు, డైనమో

ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరం దాటకుండా ఫ్యూజు ఉండాలి. అది ఫ్యాను కోసం కాదు, వైరు కోసం. వైరు ఎక్కడో రేకుకు రాసుకుని తోలు ఊడితే, ఫ్యూజు లేని చోట వైరే కాలుతుంది. రెండు బ్యాటరీలను కలిపే వైరుకు రెండు చివరలా ఫ్యూజు పెట్టాలి, ఎందుకంటే కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు. లిథియంకు టీ క్లాస్ ఫ్యూజు (షార్ట్ సర్క్యూట్‌లో వచ్చే భారీ కరెంటును కూడా తెంచగలది) అడగండి. 1000 వాట్ల ఇన్వర్టర్ పెట్టేవాళ్లు అది వంద ఆంపియర్ల దాకా లాగుతుందని గుర్తుంచుకుని 35 చదరపు ఎంఎం రాగి వైరు, క్రింపింగ్ పనిముట్టుతో నొక్కిన లగ్గులు (వైరు చివర తొడిగే బిళ్లలు) వాడాలి. సుత్తితో నొక్కిన లగ్గు మలుపుల్లో వదులై వేడెక్కుతుంది.

పాత బండిలో ఎర్త్ నమ్మకండి. ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందన్నమాట. రెండో బ్యాటరీకి బాడీ మీద ఆధారపడకుండా విడిగా మైనస్ వైరు లాగించుకోవడం మేలు.

చార్జింగ్‌కు ఏజీఎం అయితే వోల్టేజిని చూసి కలిపి విడదీసే రిలే చాలు. ఇంజిన్ నడుస్తుంటే కలుపుతుంది, ఆగితే విడదీస్తుంది. రాత్రి ఫ్యాను ఎంత తిరిగినా సెల్ఫ్‌కు ఢోకా ఉండదు.

లిథియంను మాత్రం పాత డైనమోకు నేరుగా కలపకూడదు. డైనమో ఇచ్చినంతా ఆ బ్యాటరీ మింగుతుంది. ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు చల్లబరిచే గాలి లేక డైనమో కాలిపోతుంది. నిండగానే బీఎంఎస్ టక్కున తెంచేస్తే ఆ వోల్టేజి ఎగిసి డయోడ్లను కొడుతుంది. మధ్యలో కరెంటునూ వోల్టేజినీ హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెడితే ఈ రెండు బాధలూ తప్పుతాయి. 20 ఆంపియర్లది చాలు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా 70 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణంలో 30 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. పైన వేసిన ఒక రాత్రి ఖర్చు అంతే. లిథియం ధర చూసేటప్పుడు ఈ చార్జర్ ధర కూడా కలుపుకుని చూడండి.

టాపు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటే ఎండ రోజున 400 వాట్ అవర్ల దాకా వస్తుంది. బండిని వారాల తరబడి నిలిపేవాళ్లకు ఇది చాలా ఉపయోగం. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకోవాలి. సీసానికి వేడిని బట్టి వోల్టేజి తగ్గించే సెన్సరు ఉన్నది తీసుకోండి. 40 డిగ్రీల్లో కూడా 25 డిగ్రీల వోల్టేజే ఇస్తే బ్యాటరీ ఉడుకుతుంది.

చూసుకోవడం

బండి నిలిపేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపండి. స్టీరియో, అలారం లాంటివి కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగినా నెలకు 36 ఆంపియర్ అవర్లు పోతాయి. సీసపు బ్యాటరీని నెలకోసారి నిండుగా చార్జ్ చేయాలి. వాడకం ఆపి కొన్ని గంటలు వదిలేసి మీటరు పెడితే 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. అక్కడి నుంచి కిందికి పోనివ్వకండి. సగం చార్జ్‌తో రెండు నెలలు వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియంకు ఈ మీటరు లెక్క పనికిరాదు, ఎక్కువభాగం 13 చుట్టూనే చూపిస్తుంది. దానికి ఎక్కే, దిగే కరెంటును లెక్కపెట్టే షంట్ ఉన్న మీటరు కావాలి. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జ్‌లో ఉంచడమే దానికి మంచిది.

మూతలున్న బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆర్వో నీళ్లలో కూడా లవణాలు మిగులుతాయి, బోరు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చార్జింగ్ పూర్తయ్యాకే గీత దాకా పోయండి, ముందే నింపితే పొంగి కారుతుంది. టెర్మినల్ చుట్టూ తెల్లటి, నీలి పొడి పేరుకుంటే వంట సోడా నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరనిచ్చి, లగ్గు బిగించాక పైన వాజెలిన్ రాయండి. ఆ నీళ్లు సెల్ మూతల్లోకి పోకుండా చూసుకోండి.

పని మొదలుపెట్టేముందు చేతి ఉంగరం, కడియం తీసేయండి. ఊడదీసేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఈ వరుసలో చేస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే ఇంకా మంచిది.

కొత్తగా బిగించాక మొదటి ఘాట్ ప్రయాణం అవగానే నట్టులూ లగ్గులూ మళ్లీ ఒకసారి బిగించాలి. తిరుమల నుంచి కిందికి దిగే పాత దారి, 1944 నాటి ఘాట్ రోడ్డు, వరుస మలుపులతో ఈ పరీక్ష బాగా పెడుతుంది. బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఎలాగూ తనిఖీకి పోవాలి. సీట్లు తీసి లోపల మార్పులు చేయించేముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకుంటే అప్పుడు ఇబ్బంది ఉండదు.

పాతబడిన సీసపు బ్యాటరీని వీధిలో పాత సామాన్లవాడికి ఇవ్వకండి. యాసిడ్ కాలవలో పోసి సీసం కరిగించేవాళ్ల చేతికి అది చేరితే ఆ వీధి పిల్లల రక్తంలోకి సీసం చేరుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే అంగట్లోనే పాతది ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించుకోండి. లిథియం అయితే కొనేటప్పుడే, కాలం తీరాక వెనక్కి తీసుకుంటారా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.